ఉప్పడిగిన కోడళ్లు

అఫ్సానా అరచేతి గీతలు నల్లబడటం మొదట కనిపెట్టింది షాహిదాబీయే. అత్తల కళ్లు అంతే, కోడలు వడ్డించిన దాంట్లో వెంట్రుక ఉంటే అది ముందు వాళ్లకే కనబడుతుంది. ఆ పొద్దున అఫ్సానా ఉగ్గాని తట్ట చేతికిస్తుంటే ఆ గీతల్లో మసి పట్టినట్టుంది.

"నీళ్లపొయ్యి మసి అట్లే పెట్టుకోని తిండి పెడతాండావే. పో, కడుక్కోని రా" అని కసిరింది షాహిదాబీ.

అఫ్సానా కడుక్కుని వచ్చింది. గీతలు అట్లాగే ఉన్నాయి. మళ్లీ పోయి సబ్బు పెట్టి, పీచుతో రుద్దుకుని వచ్చింది. అరచెయ్యి ఎర్రగా కందింది గానీ గీతల్లోని నలుపు కదల్లేదు.

"ఇది మసి కాదత్తా. శానా రోజుల్నుంచి ఇట్లే ఉండాది. నోట్లో గూడా, సూడు" అని కింది పెదవి వంచి చూపించింది. చిగుళ్ల మీద అక్కడక్కడా సిరా చిందినట్టు మచ్చలు ఉన్నాయి.

షాహిదాబీ ఉగ్గాని ముట్టకుండానే తట్ట కింద పెట్టేసింది. ఆ గీతలను ఆమె ఇంతకు ముందు చూసింది. ఇదే ఇంట్లో, పెద్దకోడలు ముస్రత్ పోయిననాడు, ఆ పిల్లకు చివరి స్నానం చేయించేటప్పుడు ముడుచుకున్న వేళ్లు విప్పి చూసింది. అప్పుడూ మసే అనుకుని రుద్దింది. అది పోలేదు.

ఆదోనిలో కొండ కింది వీధుల్లో వాళ్లిల్లు. దూదేకులవాళ్లు, పరుపులు కుట్టడం వాళ్ల పని. షాహిదాబీ భర్త నబీ సాబ్ వయసులో ఉండగా దూదేకే విల్లు భుజాన వేసుకుని గోనెగండ్ల నుంచి హొళగుంద దాకా ఊరూరా తిరిగి పాత పరుపుల దూది ఏకేవాడు. ఇప్పుడు కరెంటు మిషను వచ్చింది. ముందు గదిలో మిషను, దాని పక్కన నబీ సాబ్, ఆయన కనుబొమల మీద ఎప్పుడూ మంచు కురిసినట్టు దూది. కొడుకు నౌషాద్ కుట్టిన పరుపులు ఆటోలో వేసుకుని ఊళ్ల మీద పోతాడు. దూది దుమ్ముకు నబీ సాబ్ పొద్దస్తమానం దగ్గుతాడు. ఎవరన్నా అడిగితే, "దగ్గు ల్యాకుంటే నేను దూదేకులోన్నని ఎవురు నమ్ముతారప్పా" అని నవ్వుతాడు. ఆయన తండ్రీ అట్లాగే దగ్గాడు, తాతా అట్లాగే దగ్గాడు. ఆ ఇంట్లో దగ్గు గోడ గడియారం చప్పుడు లాంటిది, ఎవరి చెవికీ ఎక్కదు.

పాత విల్లు మాత్రం నడిమింటి గోడకు వేలాడుతూ ఉంటుంది. మనిషంత పొడుగు కర్ర, దానికి బిగించిన నరం తంతి. పనిలో లేకపోయినా ఆ తంతి అప్పుడప్పుడూ తనంతట తానే సన్నగా మోగుతుంది. జుమ్మని, తేనెటీగ గదిలోకొచ్చి పోయినట్టు. ముస్రత్ ఉన్నప్పుడు ఆ చప్పుడు గురించి ఏదో అనేది. ఏమనేదో షాహిదాబీకి గుర్తు లేదు.

ముస్రత్ పరాయి పిల్ల కాదు, షాహిదాబీ సొంత అన్న కూతురు. హొళగుంద దగ్గర్నుంచి నౌషాద్‌కు మొదటి పెళ్లాంగా తెచ్చుకుంది. తెచ్చుకున్నదే గానీ ఆ పిల్ల నలుపును ఏనాడూ క్షమించలేకపోయింది. "చీకట్లో నవ్వితే తప్ప కనపడవు గదమ్మే" అనేది, అందరి ముందరా. ముస్రత్ కూడా నవ్వేది. చిక్కి చిక్కి, చివరికి వాంతులతో మంచం పట్టి ఆ పిల్ల చనిపోయినప్పుడు, నలభయ్యో నాటి ఫాతెహా ప్రార్థన కూడా కాకముందే షాహిదాబీ నడిమింట్లో కూర్చుని అందరూ వినేటట్టు ఒక మాట అంది. "ఈసారి ఇంట్లోకి రోంత వెలుతురు తెచ్చుకోవాల." ఆ మాట నోట్లోంచి వస్తుండగానే గోడ మీది తంతి జుమ్మంది. అప్పటి నుంచి ఆమె ఆ గోడ వైపు వీపు పెట్టి కూర్చోదు.

ఆ వెలుతురే అఫ్సానా. ఎమ్మిగనూరు పిల్ల, పచ్చని పసుపుకొమ్ములాంటి మేని చాయ. వీధిలో అందరినీ పిలిచి మరీ చూపించుకుంది షాహిదాబీ. మొదట చాయకు మురిసినా, రానురాను ఆ పిల్ల మాటకూ నడతకూ నిజంగానే మనసు పడింది. మోకాళ్ల నొప్పులొస్తే అఫ్సానా అడక్కుండానే నూనె కాచి తెచ్చేది. కూతుళ్లు లేని షాహిదాబీకి అది కొత్త. ఇప్పుడు ఆ పిల్ల కళ్ల ముందే మారిపోతోంది. మెడ, మోచేతులు, వేళ్ల కణుపులు ముందు నల్లబడ్డాయి. చిన్నప్పుడు గాజుపెంకు గీసుకున్న పాత మచ్చ కూడా బొగ్గు ముక్కలా తేలింది. ఎండలో తిరిగే పిల్లా కాదు. నౌషాద్ వీధి చివరి ఆరెంపీ డాక్టరు దగ్గర చూపించాడు. రక్తం తక్కువ అని టానిక్కు, మొహానికి పూసుకునే ట్యూబు ఇచ్చాడు. ట్యూబు అయిపోయింది, మొహం మాత్రం రోజురోజుకూ ముస్రత్ మొహమే అవుతోంది. బుగ్గలు లోపలికి పోయి, దవడ ఎముకలు తేలి, నవ్వినప్పుడు పళ్లు తెల్లగా మెరిసి, ఒక్కొక్కసారి వెనక నుంచి చూసి షాహిదాబీ గుండె ఆగినంత పనయ్యేది.

ఒక మధ్యాహ్నం, వీధంతా నిద్రపోతున్న వేళ, ఆమె మంచినీళ్లకని వంటింట్లోకి పోయింది. తలుపు వెనక అఫ్సానా నిలబడి ఉంది. ఉప్పు జాడీ ఎడమ చంకలో ఉంది, కళ్లు మూసుకుంది, కుడిచేతి వేళ్లు నోట్లో ఉన్నాయి. పాలు తాగే బిడ్డ మొహంలో ఉండే నిమ్మళం ఆ మొహంలో ఉంది. ఉప్పు తిన్న ఒంటికి దాహం వేయాలి గదా, పక్కన చెంబు నిండా నీళ్లున్నా అటు చూడనైనా చూడడం లేదు.

"ఏం జేస్తాండావు మ్మే?"

అఫ్సానా కళ్లు తెరిచింది. భయపడలేదు, సిగ్గుపడింది. "ఏమో అత్తా. తినాలని పానం కొట్టుకులాడతాది. తింటే రోంత నిలబడగలుగుతాండాను."

షాహిదాబీ చెంబు అందుకోబోయి వదిలేసింది. అదే తలుపు వెనక, అదే జాడీతో, అట్లాగే కళ్లు మూసుకుని నిలబడిన ముస్రత్‌ను ఆమె చూసింది. ముస్రత్‌కు మామిడికాయలో అద్దుకునే ఉప్పంటే పిచ్చి అని వీధంతా ఎగతాళి చేసేది. నడిమింట్లో తంతి జుమ్మంది. ఇంట్లో గాలి లేదు, కిటికీలు మూసి ఉన్నాయి. ముందు గదిలో ముసలాయన దగ్గు తప్ప వేరే అలికిడి లేదు.

అనుమానం పెనుభూతం అంటారు. షాహిదాబీ ఇంట్లో ఆ భూతానికి పేరు కూడా ఉంది, ఊరు కూడా ఉంది. తను ఎవరిని నలుపని ఏడిపించిందో ఆ పిల్లే, తను తెచ్చుకున్న వెలుతురు మీద కసి తీర్చుకుంటోందని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. ఆ పిల్ల ఎట్లా చచ్చిపోయిందో ఈ పిల్లా అట్లాగే పోతుంది. ఆలోపల ఏదో ఒకటి చెయ్యాలి.

హొళగుంద దారిలో ఉరుకుందమ్మ అనే సోదె చెప్పే ఆమె ఉంది. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడుతుంది. షాహిదాబీ కోడలిని బస్సులో తీసుకుపోయింది. ఉరుకుందమ్మ అఫ్సానా అరచెయ్యి పట్టుకుని, గీతల వెంబడి వేలు రాసి, చెయ్యి వదిలేసింది.

"నిమ్మ మనె, మీ ఇంటి ఉప్పు తిని పోయిన పిల్ల, అక్కా. ఉప్పు రుణం తెగలేదు. ఈ పిల్ల నోటితో ఇంకా తింటాండాది. నిజమా, సుళ్లా?"

"నిజమే తల్లీ" అంది షాహిదాబీ. ఉప్పు సంగతి ఆమె చెప్పలేదు, ఉరుకుందమ్మకు ఎట్లా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు. బస్సులో అఫ్సానా కొంగు ముడిలో దాచుకున్న ఉప్పు చీరంచుకు తెల్లగా అంటుకుని ఉన్న సంగతి ఆమె చూడలేదు.

"ఉప్పు మాన్పించు. ఇంట్లో కూడు దొరక్కుంటే సుట్టమైనా ఎన్ని దినాలుంటాది? పీర్లు లేసి గుండం కాడికి వచ్చే పొద్దుకు ఈ పిల్లను ఆడికి తీస్కపో. అంతదంకా నాలిక మీద రవ్వ ఉప్పు పడగూడదు."

పీర్ల పండుగ దగ్గర్లోనే ఉంది. షాహిదాబీ ఇంటికొచ్చి ఉప్పు జాడీ, ఊరగాయ జాడీలు, అప్పడాలు, చెనిక్కాయల పొడి అన్నీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. అఫ్సానాకు చప్పిడి సంగటి, చప్పిడి పప్పు. నౌషాద్ గునిశాడు. "అమ్మా, కర్నూలుకు పోయి పెద్ద డాక్టరుకు సూపిద్దాం."

"పండగ కానీ నాయనా. అప్పుటికీ కుదరకుంటే నువ్వు యాడికి జెప్తే ఆడికి" అంది. మొదటి పెళ్లాన్ని పోగొట్టుకున్నవాడు, రెండోసారీ తల్లి మాట విన్నాడు. అతన్ని అనడానికేం లేదు. భయం ఉన్న ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్లదే పెత్తనం.

చప్పిడి పథ్యం మొదలైన దగ్గర్నుంచి అఫ్సానా వేగంగా క్షీణించింది. కూర్చున్నది లేస్తే కళ్లు తిరిగి గోడ పట్టుకునేది. తిన్నది నిలిచేది కాదు. కడుపులో పోటు అనేది. మాట సన్నబడిపోయింది. షాహిదాబీకి అదంతా లోపలున్నది కూడు లేక విలవిల్లాడటంలా కనిపించింది. ఇంకొంచెం ఓర్చుకుంటే వదిలిపోతుందని తనకు తానే చెప్పుకుంది. తాళం చెవి కొంగుకు కట్టుకుని తిరిగింది.

ఒకనాడు పెరట్లో బట్టలు ఆరేస్తూ చూసింది. అఫ్సానా మిట్టమధ్యాహ్నం ఎండలో, కాలే బండ మీద కూర్చుని ఉంది. నీడలోకి రమ్మందామని నోరు తెరిచింది షాహిదాబీ. అప్పుడే అఫ్సానా మోచెయ్యి పైకెత్తి, చర్మం మీద పట్టిన చెమటను నాకింది. మోచేతి నుంచి మణికట్టు దాకా, మెల్లగా, ఒక్క చుక్క వదలకుండా. తర్వాత రెండో చెయ్యి. చెమట పట్టించుకోవడానికే ఆ పిల్ల ఎండలో కూర్చుంది.

షాహిదాబీ చేతిలోని తడి బట్ట మట్టిలో పడింది. అఫ్సానా తలెత్తి చూసింది.

"అత్తా, రోంత ఉప్పు ఎయ్యి" అంది.

గొంతు అఫ్సానాదే. మాటలు మాత్రం ముస్రత్‌వి. పోయే ముందు రోజు చప్పిడి గంజి గిన్నె పక్కకు తోసి ముస్రత్ సరిగ్గా ఆ మాటలే అంది. షాహిదాబీ ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకుంది. బయట ఎండలో కోడలు, లోపల గోడ మీద మోగుతున్న తంతి. తలుపుకు ఆనుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది. "నన్ను పట్టుకో పిల్లా, తప్పు నాది. ఆ పిల్లను వదిలిపెట్టు" అని గోడకు చెప్పుకుంది.

పండుగ ఆఖరు రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, అఫ్సానాను చెరో రెక్కా పట్టుకుని పీర్ల సావిడి దగ్గరికి తీసుకుపోయారు, ఒక పక్క నౌషాద్, ఒక పక్క ఎదురింటి రామక్క. రామక్క కూరగాయలమ్ముతుంది. పీర్లకు మొక్కడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. నాలుగడుగుల దూరం కూడా అఫ్సానా కాళ్లు ఆనించి నడవలేదు.

సావిడి ముందు గుండంలో నిప్పులు కణకణలాడుతున్నాయి. తప్పెట్లు మోగుతున్నాయి. మొక్కుకున్నవాళ్లు గుప్పెట్లతో ఉప్పు తెచ్చి నిప్పుల్లో వేస్తున్నారు, ఉప్పు చిటపటమని పేలుతోంది. అందరికీ అందేటట్టు గుండం గట్టు పక్కన గోనెపట్టా పరిచి కల్లుప్పు కుప్ప పోశారు. పూలదండలతో పీర్లు సావిడి గడప దాటాయి. జనం ఒక్కసారి ముందుకు తోసుకున్నారు. ఆ తోపులాటలో నౌషాద్ చెయ్యి జారింది.

అఫ్సానా కింద పడింది. పడిన చోటి నుంచి మోకాళ్ల మీద పాకింది. పీర్ల వైపు కాదు, గుండం వైపూ కాదు, ఉప్పు కుప్ప వైపు. రెండు చేతులా ఉప్పు తీసుకుని నోట్లో కుక్కుకుంది. కరకరమని నమిలింది. పెదవులు పగిలి నెత్తురు కారుతున్నా ఆగలేదు. మళ్లీ రెండు గుప్పెళ్లు. తప్పెట్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. జనం వెనక్కి జరిగారు. నల్లబడిన ఆ మొహమూ, తెల్లటి ఉప్పూ, ఎర్రటి నోరూ చూసి పిల్లలను తల్లులు కొంగుల్లో దాచుకున్నారు.

"దయ్యం, పక్కా దయ్యం. కట్టేయండప్పా" అన్నాడెవరో.

రామక్క మాత్రం కదల్లేదు. అఫ్సానానే చూస్తూ, ఎవరితోనూ కాదు, తనలో తాను అనుకున్నట్టు అంది. "దయ్యమెట్లయితాది? దయ్యానికి ఉప్పు గిట్టదని గదా మనం గడపకు ఉప్పు కట్టేది. సచ్చినోళ్లు ఉప్పు తినరు. ఉప్పు తినేది బతకాలనుకునేటోళ్లే."

ఆ మాట షాహిదాబీ చెవిలో పడి నేరుగా కడుపులోకి దిగింది. దిష్టి తీసినప్పుడల్లా ఉప్పు తిప్పేసే చేతులు తనవి. గాలి సోకకుండా పసిబిడ్డల ఉయ్యాల కింద ఉప్పు పెట్టిన చేతులు తనవి. ఏ గాలి ఉప్పుకు పారిపోతుందో, ఆ గాలే ఉప్పు కోసం పాకుతుందా? ఇంత చిన్న సంగతి తనకు ఇన్ని రోజులు ఎందుకు తట్టలేదు? జనాన్ని తోసుకుని పోయి కోడలిని ఒళ్లోకి లాక్కుంది. అఫ్సానా ఒళ్లు నీళ్లకుండలా చల్లగా ఉంది. చేతిలో నాడి దొరకలేదు. కళ్లు తేలిపోతున్నాయి.

"ఆటో తెండి" అంది షాహిదాబీ. "నౌషాదా, ఆటో తీయ్ నాయనా. ఆస్పత్రికి."

పీర్ల ఎదుట నుంచి, మొక్కు చెల్లకుండా, పరుపుల ఆటోలో ఆమె కోడలిని తీసుకుపోయింది. దారి పొడుగునా ఆ పిల్ల నోటికి తన వేలితో ఉప్పు నీళ్లు అద్దుతూనే ఉంది.

ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్నది నాగవేణి అనే డాక్టరు, గోనెగండ్ల దిక్కు అమ్మాయి. రక్తపోటు చూసింది, చిగుళ్లు చూసింది, అరచేతులు విప్పి చూసింది. ఇంకేం అడక్కుండా రెండు చేతులకూ సెలైను పెట్టించి, ఏదో ఇంజక్షను ఇచ్చింది. తెల్లవారేసరికి అఫ్సానా కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఉప్పు కాదు, నీళ్లు. షాహిదాబీ ఆ మాటకు నోరు మూసుకుని ఏడ్చింది.

కర్నూలులో స్కాను తీయించి తెచ్చాక, డాక్టరు అత్తనూ కొడుకునూ కూర్చోబెట్టుకుంది. ఒక కాగితం వెనక మనిషి బొమ్మ గీసింది. తలలో బఠాణీగింజంత చుక్క పెట్టింది, గొంతు దగ్గర సీతాకోకచిలుకలాంటిది ఒకటి గీసింది, కడుపు వెనక ఆకులాంటిది ఒకటి, నడుము దగ్గర రెండు మూత్రపిండాలు, వాటి నెత్తిన రెండు టోపీలు గీసింది.

"ఇవన్నీ గ్రంథులు పెద్దమ్మా. ఎంగిలి నోట్లోకి వచ్చినట్టు వీటి సారం గొట్టాల్లో యాడికీ కారదు, నేరుగా నెత్తురులో కలుస్తాది. హార్మోన్లంటారు. గొంతులోది ఒంటి వేడినీ చురుకునూ చూసుకుంటాది. కడుపు వెనకాలది చక్కెరను చూసుకుంటాది. అది చెడితేనే షుగరు వచ్చేది. ఈ టోపీలున్నాయి చూడు, ఇవి ఒంట్లో ఉప్పును పోకుండా పట్టుకుంటాయి. నెత్తురు ఒత్తిడిని నిలబెడతాయి. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా తట్టుకునే బలం వీటి నుంచే. మీ కోడలికి ఈ రెండూ పాడైపోయినాయి. తిన్న ఉప్పు తిన్నట్టు మూత్రంలో పోతాండాది. అందుకే ఆ పిల్ల ఉప్పు అడిగింది. అడిగేది నాలుక కాదు, పానం."

"మరి ఆ నలుపు?" అంది షాహిదాబీ.

డాక్టరు తలలోని చుక్క మీద పెన్ను ఆనించింది. "ఈ బఠాణీగింజ మిగిలినవాటికి పెత్తందారు. కింద టోపీలు పని చేయకపోతే దీనికి తెలుస్తాది. చేయండి చేయండి అని ఇంకా ఇంకా హార్మోను పంపుతాది. పలకని పనివాన్ని యజమాని కేకలేసి పిలిచినట్టు. ఆ ఎక్కువైందే చర్మాన్ని నల్లగ చేసేది. ఎండ తగలని చోట గూడా చేస్తాది, చిగుళ్లు, చేతి గీతలు, పాత మచ్చలు."

నెత్తురులో వినబడని కేక. షాహిదాబీ తన అరచేతులు తిప్పి చూసుకుంది. ఆ కేకలే ఆ పిల్ల చేతి మీద రోజూ కనపడుతుంటే తను సబ్బు పెట్టి రుద్దించింది.

"ఉప్పు ఎవురన్నా మాన్పించినారా?" అని అడిగింది డాక్టరు. నౌషాద్ తల వంచుకున్నాడు. షాహిదాబీ కొంగు ముడిలోని తాళం చెవి విప్పి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాన్ని చూసి, తిరిగి ఆమె ముందుకే జరిపింది. బతికినన్నాళ్లూ మాత్రలు వేసుకోవాలని, ఒక్క రోజు కూడా మానకూడదని, మాత్రలుంటే ఆ పిల్ల అందరిలాగే ఉంటుందని, నలుపు కూడా చాలావరకు తగ్గుతుందని చెప్పింది.

షాహిదాబీ తాళం చెవి చేతిలోకి తీసుకుని, "మా పెద్దకోడలు గూడా ఉప్పుకు ఇట్లే కొట్టుకులాడేది డాక్టరమ్మా. వాంతులతో పోయింది. ఆ పిల్ల పుట్టుకతోనే నలుపు అనుకో" అంది.

"కాదమ్మా" అన్నాడు నౌషాద్. ఇంతసేపటికి అతను నోరు తెరిచాడు. "ముస్రత్ నలుపు కాదు. పెండ్లినాటికి చామనచాయ. నువ్వు అని అని, నాకు గూడా పుట్టుకతోనే నలుపనే అనిపిస్తాండ్య."

షాహిదాబీకి పెళ్లినాటి పసుపు గుర్తొచ్చింది. తనే గిన్నె పట్టుకుని ముస్రత్ బుగ్గలకు పసుపు రాసింది. పసుపు ఆ బుగ్గల మీద ఎంత బాగా పట్టిందంటే, "మా వదిన ఈ పిల్లను పాలల్లో కడిగిందేమో" అని తనే అంది. ఆ మాట తన నోటిదే. ఆ తర్వాత ఏ ఏడు నుంచి ఎగతాళి మొదలుపెట్టిందో ఎంత తవ్వినా గుర్తు రాలేదు. కళ్ల ముందే మనిషి నల్లబడుతుంటే, అది ఆ పిల్ల రంగనే అనుకుంది. అఫ్సానా మీదికి ముస్రత్ రాలేదు. ముస్రత్ మీదికి ఏది వచ్చిందో అదే అఫ్సానా మీదికీ వచ్చింది.

"ఒకే ఇంట్లో ఇద్దరికీ అంటే..." డాక్టరు కాగితం పక్కకు పెట్టింది. "పెద్దమ్మా, మన దిక్కు ఈ గ్రంథులు చెడేది ఎక్కువగా టీబీతోనే. స్కానులో గూడా అట్లే ఉంది. ఎవరి దగ్గునుంచో ఊపిరిలోకి పోయి, అక్కడ్నుంచి నెత్తురులో కలిసి పోయి ఈ టోపీల్లో కూర్చుంటాది. ఆ పిల్లకు దగ్గు లేకపోయినా ఉండొచ్చు. మీ ఇంట్లో ఎవురికన్నా శానా కాలంగా దగ్గు ఉందా?"

"లేదు" అంది షాహిదాబీ. ఆలోచించకుండానే అంది, అబద్ధమూ కాదు. నౌషాద్ కూడా లేదన్నట్టు తల ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చింది. వీధి నిద్రపోతోంది. పండుగ నాడు ఆపిన మిషను ఇంకా తిప్పలేదు. ముందు గదిలో నబీ సాబ్ దూది బస్తాకు ఆనుకుని కునుకుతున్నాడు. ఆమె నడిమింట్లోకి పోయి ఇనప్పెట్టె తాళం తీసి, ఉప్పు జాడీని రెండు చేతులా ఎత్తి వంటింట్లో దాని చోట పెట్టింది.

తంతి జుమ్మంది.

అలవాటు కొద్దీ ఆమె తలుపు వైపు తిరిగింది. కానీ ఈసారి పారిపోలేదు. గోడ దగ్గరికి పోయి, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి ఆ విల్లు ముందు నిలబడింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ముందు గదిలో ముసలాయన దగ్గాడు, లోతుగా, ఛాతీ అడుగు నుంచి. తంతి జుమ్మంది. ఆయన ఆగాడు. తంతి ఆగింది. మళ్లీ దగ్గాడు.

షాహిదాబీ చెయ్యెత్తి తంతిని పట్టుకుంది. భర్త దగ్గు ఆమె అరచేతిలో వణికింది.

ముస్రత్ ఏమనేదో అప్పుడు గుర్తొచ్చింది. కొత్త పెళ్లికూతురుగా, ఇంకా చామనచాయగా, ఇదే గోడ దగ్గర నిలబడి నవ్వుతూ చెప్పింది. "సూడత్తా, మామ దగ్గితే సాలు, విల్లు మాట్లాడతాది." ఆ పిల్ల మొదటి ఏడాదే చెప్పింది. ఎవరూ వినలేదు.

ఆమె తంతి వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని ముందు గదిలోకి పోయింది. నబీ సాబ్ కళ్లు తెరిచి, గుండెలు పట్టుకుని దగ్గి, అలవాటైన నవ్వు నవ్వాడు.

"పిల్లకు ఎట్లుండాది?"

"బాగుండాది. లెయ్యప్పా, ఆస్పత్రికి పోదాం."

"నాకేమైంది మ్మే? దూది దగ్గు."

షాహిదాబీ ఆయన కనుబొమల మీది దూది పోగు తీసింది. చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది. ఆయన లేస్తూ మళ్లీ దగ్గాడు, లోపల తంతి మోగింది. చేతిలో పట్టుకున్న దూది పోగు మీద ఒక చిన్న ఎర్ర చుక్క ఉంది. పాత మరకలా ఎండిపోయి ఉంది, ఎన్నాళ్లదో తెలియదు.